ఒకే వంట, రెండు కడుపులు

ఒకానొక రాజ్యంలో రాజుగారి కోపానికి ఒక వేళంటూ ఉండేది. అది మధ్యాహ్న భోజనం వేళ. గంధవరాన్ని ఏలే విజయకేతు మహారాజు పొద్దంతా పొగడ్తలు వినడంలో గడిపి, రాజ్యం సంగతులు విస్తరి ముందు కూర్చున్నాకే వినేవాడు. ఒక చేత్తో తింటూ ఒక చేత్తో పాలించే మొనగాడు లోకంలో తానొక్కడేనని ఆయనకు మహా గర్వం.

మంత్రి నరహరయ్యకు కావలసిందీ అదే. కోపంలో ఉన్న రాజు దేనికైనా ఊఁ అంటాడు. అందుకని పప్పు వడ్డించగానే ఒక ఫిర్యాదు, పులుసు వడ్డించగానే ఇంకో ఫిర్యాదు ఎత్తేవాడు. రాజు కళ్లెర్రజేసి, ముద్ద నమలకుండానే మింగి, "వాణ్ణి కొరడాలతో కొట్టండి! వీణ్ణి పొలిమేర దాటించండి!" అని కేకలేసేవాడు. చెయ్యి కడిగేసరికి కడుపులో మంట, గుండెదడ, తలపోటు. పడకమీద వాలినా కునుకు పట్టేది కాదు. రాజవైద్యుడి చూర్ణాలు సంచులకొద్దీ చెల్లాయి గాని మంట తగ్గలేదు.

"లోపం చూర్ణంలో లేదు ప్రభూ, వంటలో ఉంది. వంటవాడు పేరిభట్టు మీకు విషం పెడుతున్నాడు," అన్నాడు మంత్రి ఒకనాడు. వంటశాలలో తన బావమరిదిని దూర్చాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది లెండి.

పేరిభట్టు ఆ పొయ్యిల ముందే తల నెరిసినవాడు. రాజు పసివాడుగా ఉన్నప్పుడు పాలబువ్వ కలిపి పెట్టిన చెయ్యి అతనిది. పాపం, కాళ్లమీద పడి ఏడ్చాడు. రాజు వినిపించుకోలేదు.

"రేపు సాయంత్రం వీడి తల తీయించండి!"

అప్పుడు లేచాడు కొమ్మన. నవ్వించడానికి ఆ కొలువులో జీతం తీసుకునేవాడు. నిజం మాత్రం ఊరికే చెప్పేవాడు.

"ప్రభూ, రేపటి వంట కూడా పేరిభట్టునే చేయనివ్వండి. విషం ఎవరు కలుపుతున్నారో విస్తరి దగ్గరే పట్టిస్తాను. పట్టించలేకపోతే అతనితోపాటు నా తలా తీయించండి. అయితే మంత్రిగారు కూడా తమ పక్కనే కూర్చుని అదే వంట తినాలి."

మంత్రి ముఖం పాలిపోయింది. "విషపు కూడు నేను తినడమేమిటి?"

"ఇన్నాళ్లుగా నేను తింటున్నాను. నువ్వు ఒక్క పూట తినలేవా?" అన్నాడు రాజు. మంత్రికి ఒప్పుకోక తప్పలేదు.

మర్నాడు భటుల కాపలాలో పేరిభట్టు వండాడు. ఒకే గిన్నెలోంచి ఇద్దరికీ వడ్డించారు. మంత్రి ఫిర్యాదు ఎత్తబోయేంతలో కొమ్మన చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మంత్రిగారూ, చిన్న సందేహం. తమ మీసాలు సొంతవేనా?"

నరహరయ్య మీసాలంటే మాటలా! రోజూ ఆముదం పట్టించి, నిమ్మకాయలు నిలబెట్టే మీసాలు.

"ఏం కూశావురా?"

"నేను కాదండీ, అంగట్లో అనుకుంటున్నారు. చచ్చిన గుర్రం తోకతో చేయించారట. ఒక్కసారి లాగి చూడనివ్వండి, ఊరి నోళ్లన్నీ మూయిస్తాను."

"ఓరి తుంటరీ! నా వంశమేమిటో తెలుసా నీకు?"

"తెలియదండీ. ఆ గుర్రం వంశమైతే తెలుసు."

రాజుకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ పప్పు తిన్నాడు, నవ్వుతూ పులుసు కలుపుకున్నాడు, మారు వడ్డించమన్నాడు. మంత్రి మాత్రం ముద్ద ముద్దకూ ఒక తిట్టు నంజుకుంటూ, ఊగిపోతూ భోజనం ముగించాడు.

అందరూ సభకు వచ్చి కూర్చున్నారు. కాసేపటికి మంత్రి పొట్ట పట్టుకున్నాడు.

"మంట ప్రభూ! గుండె దడదడలాడుతోంది, తల పగిలిపోతోంది! అన్నంలో విషముందని నేను చెప్పలేదా?"

"మరి తమకెలా ఉంది ప్రభూ?" అని అడిగాడు కొమ్మన.

రాజు పొట్ట నిమురుకుని చూసుకున్నాడు. "నాకా? హాయిగా ఉందే! ఆవలింతలు కూడా వస్తున్నాయి."

"ఒకే గిన్నె, ఒకే గరిటె. అన్నంలో విషముంటే మనిషిని చూసి పనిచేస్తుందా? ఇవాళ నవ్వుతూ తిన్నది తమరు, మండిపడుతూ తిన్నది మంత్రిగారు. పేరిభట్టు ఇన్నాళ్లూ పెట్టింది అన్నమే. అందులో కోపం కలుపుకుని విషం చేసుకున్నది తమరే."

రాజు ముఖం జేవురించింది.

"నాకు కోపమంటావా? ఎంత పొగరు!" అంటూ చివ్వున లేచాడు. కుడిచెయ్యి కత్తిపిడి మీదికి వెళ్లింది. ఆ వెంటనే ఎడమచెయ్యి కడుపు మీదికి వెళ్లింది. లోపల భగ్గుమంది మరి!

కొమ్మన వంగి దండం పెట్టాడు. "ఆ కుడిచెయ్యి తీయండి ప్రభూ, ఎడమచెయ్యి దానంతటదే వస్తుంది."

రాజు తన రెండు చేతులనూ మార్చి మార్చి చూసుకున్నాడు. పెదవులు బిగబట్టాడు గాని నవ్వు ఆగితేనా! సింహాసనం అదిరేలా పకపకా నవ్వాడు. కుడిచేతి కంకణం ఊడదీసి కొమ్మన చేతికి తొడిగాడు. ఇకమీదట విస్తరి దగ్గర ఫిర్యాదు ఎత్తినవాడికి ఆ పూట అన్నం లేదని మంత్రి వైపు చూస్తూ ప్రకటించాడు.

తర్వాత పేరిభట్టును దగ్గరికి పిలిచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయనను 'గారూ' అన్నాడు.

"భట్టుగారూ, రాత్రికి ఏం వండుతున్నారు?"

ముసలాయన కళ్లు తుడుచుకుని, "తమరు ఏది సెలవిస్తే అదే, మహాప్రభూ," అన్నాడు.

ఆ మధ్యాహ్నం గంధవరం రాజుగారి గురక కోట బయట వీధి దాకా వినిపించిందట.