అచ్చియ్యమ్మ పాడేది

దగ్గరికి జరుగు బంగారం. దుప్పటి సరిగ్గా కప్పుకో. ఇవాళ్టి కథలో రాజూ లేడు, రాక్షసుడూ లేడు. కొంచెం ఏడుపు కథ. వింటానంటే చెప్తాను.

అనగనగనగా, పచ్చటి కొండ కింద ఒక చిన్న ఊళ్ళో, అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కతే కూతురు, పేరు వరహాలు. వాళ్ళ నాన్న లారీ మీద పనికి పోయి ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. ఇంట్లో తల్లీ పిల్లా ఇద్దరే.

అచ్చియ్యమ్మ గొంతు మామూలు గొంతు కాదు. వరినాట్లప్పుడు ఆవిడ పాట ఎత్తుకుంటే వెనకున్న ఆడవాళ్ళంతా అందుకునేవాళ్ళు. ఆవిడ రాకపోతే మడిలోకి దిగనే దిగమని మొండికేసేవాళ్ళు. వరహాలు చంటిపిల్లప్పుడు గట్టు మీద ఆ పాట వింటూ నిద్రపోయేది, ఆ పాట వింటూనే లేచేది.

అప్పుడేమైంది, ఆవిడ గొంతులో ఒక గడ్డ లేచింది. మొదట గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత ముద్ద మింగుడు పడలేదు. ఆ తర్వాత పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, కోసి గడ్డ తీసేశారు. ప్రాణం దక్కింది తల్లీ. గొంతు దక్కలేదు. పెదాలు కదిలేవి, వాటి వెనకాల కాస్త గాలి వచ్చేది, అంతే. నోటి దగ్గర చెవి పెడితే గానీ మాట తెలిసేది కాదు.

"గొంతెప్పుడొస్తాది వదినా?" అని ఊళ్ళోవాళ్ళు అడిగేవాళ్ళు. అచ్చియ్యమ్మ నవ్వి, వస్తుందిలే అన్నట్టు చెయ్యి ఊపేది. వరహాలు కూడా వస్తుందనే అనుకుంది.

ఇలా ఉండగా, వాళ్ళ బడికి హైమావతి టీచరు అని ఒకావిడ కొత్తగా వచ్చింది. ఇంగ్లీషు చెప్పేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు. ఒకరోజు ఆవిడ బోర్డు మీద 'యూజ్డ్ టు' అని పెద్దక్షరాలతో రాసింది.

"ఒకప్పుడు రోజూ జరిగి, ఇప్పుడు జరగని పని ఉంటుంది కదా. దాన్ని చెప్పాలంటే ఈ మాట పెట్టాలి," అంది. "నేను ఇదివరకు తునిలో ఉండేదాన్ని, ఇప్పుడు లేను. ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ తుని. తెలుగులో ఉండేదాన్ని, తినేవాడు, వెళ్ళేవాళ్ళం అంటాం చూడండి, అదే ఇది. ఏదీ, మీ ఇంటి సంగతులు ఒక్కొక్కటి చెప్పండి."

ఒకడు లేచి, "మై గ్రాండ్‌ఫాదర్ యూజ్డ్ టు స్మోక్," అన్నాడు. వాళ్ళ తాత చుట్ట కాల్చేవాడు, ఇప్పుడు మానేశాడు. ఇంకో పిల్ల లేచి, "వుయ్ యూజ్డ్ టు లివ్ ఇన్ ఎ హట్," అంది. వాళ్ళు పూరింట్లో ఉండేవాళ్ళు, ఈ మధ్యే శ్లాబు వేసుకున్నారు.

వరహాలుకి ఇంగ్లీషంటే హడలు. కానీ ఆ రోజు ఎందుకో ఆ మాట చప్పున పట్టుబడింది. లేచి నిలబడి, "మై మదర్ యూజ్డ్ టు సింగ్," అంది.

ఒక్క తప్పు లేదు. టీచరు అందరిచేతా చప్పట్లు కొట్టించింది. ఆ సంతోషంలో, తను ఏం చెప్పిందో ఆ పిల్లకే తెలియలేదు. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చి సంచీ అరుగు మీద పడేసింది. "అమ్మా, ఇంగ్లీషులో నీ గురించి చెప్పాను, టీచరు మెచ్చుకుంది," అని, అదే మాట మళ్ళీ గట్టిగా చెప్పి వినిపించింది.

అచ్చియ్యమ్మ చేటలో బియ్యం ఏరుకుంటోంది. కూతురు గడగడా ఇంగ్లీషు మాట్లాడుతుంటే మురిసిపోయింది. దగ్గరికి రమ్మని, చెవిలో అడిగింది.

"అంటే ఏటే?"

"అంటే, మా అమ్మ పాడేది," అంది వరహాలు.

తెలుగులో చెప్పాక గానీ ఆ మాట పదును తెలియలేదు. 'మా అమ్మ పాడుతుంది' అంటే పాట ఇవాళా ఉంటుంది, రేపూ ఉంటుంది. 'పాడేది' అంటే ఇంక లేదని. అమ్మ మొహాన్నే ఆ మాట అనేసింది పిచ్చిపిల్ల.

అచ్చియ్యమ్మ చేటలోకి చూస్తూ తల ఊపింది. ఇంకో రెండు రాళ్ళు ఏరి పారేసింది. ఆ తర్వాత చేట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళింది. ఎసరు మరిగి మరిగి ఇగిరిపోతున్నా లోపలికి రాలేదు.

మర్నాడు వరహాలు టీచరు దగ్గరికి వెళ్ళింది.

"టీచర్, నిన్న చెప్పిన మాట తీసేసుకోవచ్చా?"

"ఎందుకమ్మా, సరిగ్గానే చెప్పావుగా?"

"మా అమ్మ మళ్ళీ పాడితే?"

టీచరుకి అప్పటిదాకా ఆ ఇంటి సంగతి తెలియదు. తెలిశాక ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "పాడితే తప్పకుండా మార్చి చెబుదువుగాని," అంది మెల్లగా.

అప్పటి నుంచి వరహాలుకి అదే ధ్యాస. మొదట కొండ మీదవాళ్ళని అడిగి తేనె తెచ్చి, మిరియాల పొడి కలిపి తాగించింది. గొంతు రాలేదు. ఆ తర్వాత కొండమ్మవారి గుడికి చెప్పుల్లేకుండా ఎక్కి మొక్కుకుంది. గొంతు రాలేదు. ఆ తర్వాత, అమ్మని మళ్ళీ చూపించాల్సిన రోజున బడి మానేసి, తనూ ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, జబ్బు మళ్ళీ రాలేదు, భయం లేదు అంది. అచ్చియ్యమ్మ దణ్ణం పెట్టి లేచింది. వరహాలు మాత్రం కదల్లేదు.

"మా అమ్మకి పాట ఎప్పుడొస్తాదండీ?"

డాక్టరమ్మ ఆ పిల్ల వంక చూసి, తల్లి వంక చూసింది. "మీ అమ్మకి ఆపరేషను ముందే చెప్పాను తల్లీ. గొంతు పుట్టే చోటికే జబ్బు పట్టింది. అది తీసేస్తేనే మనిషి బతికింది. ఇంక రాదమ్మా."

చూశావా బంగారం, అచ్చియ్యమ్మకి అన్నీ తెలుసు. తెలిసే, పిల్ల బెంగ పెట్టుకుంటుందని అందరికీ చెయ్యి ఊపేది. తేనె కూడా అందుకే తాగింది.

బస్సెక్కాక వరహాలు కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ కూర్చుంది. కొంతసేపటికి అచ్చియ్యమ్మ దాని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. దాని చెవిని తన నోటి దగ్గరికి లాక్కుంది.

"ఆ మాట నాకు నేర్పు."

"ఏ మాటమ్మా?"

"బళ్ళో చెప్పావే. నన్ను నేను చెప్పుకోవాలంటే ఎలాగ?"

వరహాలు వద్దంది. అచ్చియ్యమ్మ ఊరుకోలేదు. అప్పుడు ఆ పిల్ల వెక్కుతూనే, "ఐ యూజ్డ్ టు సింగ్," అని నేర్పింది. బస్సు రొదలో తల్లి పెదాలు కదిలాయి. ఏ చప్పుడూ వినిపించలేదు. పెదాలు చూసి వరహాలు తెలుసుకుంది. నేను పాడేదాన్ని, అంది వాళ్ళమ్మ.

అని, ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి, కూతురి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకీ చప్పుడు లేదు. భుజం తడిస్తేనే తెలిసింది. వరహాలు ఒక చేత్తో అమ్మ వీపు నిమురుతూ, రెండో చేత్తో సీటు పట్టుకుని కూర్చుంది.

ఊరొచ్చాక బస్సు దిగారు. పక్కింటి గంగమ్మ గడ్డిమోపు దించుకుని, "ఏటన్నారు వదినా డాక్టరమ్మ? గొంతొస్తాదా?" అని అడిగింది.

అచ్చియ్యమ్మ చెయ్యి ఊపలేదు. రాదని తల అడ్డంగా తిప్పింది.

గంగమ్మ దగ్గరికొచ్చి అచ్చియ్యమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు పాడేదానివి వదినా," అంది. "మేమందరం వినేవాళ్ళం."

ముగ్గురూ మెల్లగా ఇళ్ళ వైపు నడిచారు.

అంతే తల్లీ. ఏడవకు.

కథేమో నడిచి నడిచి కంచికి,
మనమేమో తిరిగి తిరిగి ఇంటికి,
కన్నీళ్ళేమో అమ్మమ్మ కొంగుకి,
కళ్ళేమో మెల్లమెల్లగా నిద్రకి.