గవరయ్య వంచిన రాడ్డు

కొండపాలెంలో గవరయ్య అనే రాడ్ల మేస్త్రీ ఉండేవాడు. పనిలో దిట్టే గానీ, తన తప్పు పదిమందిలో ఒప్పుకోవాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆ ఊళ్లో భూమి అప్పుడప్పుడూ కంపించేది. ఓసారి పాత బడి గోడలు నిలువునా బీటలు వారాయి. అందుకే కొత్త బడికి గట్టి ఉక్కు రాడ్లు తెప్పించారు. ఇంజనీరు హైమావతి పనివాళ్లను పిలిచి చెప్పింది.

"ఇవి సన్నగా ఉన్నా ఎక్కువ బరువు మోస్తాయి. భూమి ఊగితే సాగుతాయే గానీ చటుక్కున తెగవు. అయితే ఒకసారి వంచి మళ్లీ తిన్నగా లాగితే మాత్రం చిట్లుతాయి. పొరపాటున ఏదైనా వంగితే నాకు చెప్పండి, కొత్తది వేయిద్దాం."

గవరయ్య తల ఊపాడు. ముప్పయ్యేళ్ల అనుభవం నాది, నాకా పాఠాలు అని మనసులో అనుకున్నాడు.

మర్నాడే కంకర బండికి మూల పిల్లర్ రాడ్డు ఒకటి అడ్డొచ్చింది. పాత రాడ్లతో ఎప్పుడూ చేసే పనే చేశాడు గవరయ్య. పైపు తొడిగి దాన్ని పక్కకు వంచాడు. బండ్లు వెళ్లాక మళ్లీ పైపు తొడిగి తిన్నగా లాగాడు. అడుగున 'టిక్'మని చిన్న చప్పుడైంది. చుట్టూ చూశాడు. ఎవరూ వినలేదు. ఇంజనీరమ్మ వచ్చేసరికి అది మిగతావాటిలాగే నిటారుగా ఉంది. సాయంత్రానికి పిల్లర్‌కు కాంక్రీటు పోసేశారు.

ఇక గవరయ్యకు స్థిమితం లేదు. ఆ పిల్లర్‌ను తట్టి చూసేవాడు. పదడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చేవాడు. ఊరికే పనివాళ్ల మీద కసిరేవాడు. ఇంట్లో కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

"ఏటలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతన్నావు? కూకోని తిను," అంది భార్య నరసమ్మ.

"ఏటీ లేదులేయే."

"ఆ బడి జాగర్తగా కట్టు. వచ్చే ఏడు మన మనవరాలు కూడా అందులోనే కూకుంటాది."

గవరయ్య కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

శుక్రవారం స్లాబ్ వేయాలి. స్లాబ్ పడ్డాక పిల్లర్ పగలగొట్టడం కుదరదు. బుధవారం చెప్పేద్దామని ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లి, సిమెంటు సంగతేదో మాట్లాడి వచ్చేశాడు. గురువారం మధ్యాహ్నం భూమి వణికింది. టీ గ్లాసులు గలగలలాడాయి. అందరూ బయటికి పరుగెత్తారు. అంతలోనే వణుకు ఆగింది. కుర్రాళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. గవరయ్యకు నవ్వు రాలేదు. పైన స్లాబ్, కింద పిల్లలు ఉండి ఉంటే? నేరుగా హైమావతి దగ్గరికి నడిచాడు.

"అమ్మా, ఆ మూల పిల్లర్ రాడ్డు నానే వంచినాను. మళ్లీ తిన్నగా లాగేసినాను. సప్పుడు కూడా ఇన్నాను. మీకు సెప్పలేదు," అన్నాడు, అందరూ వింటుండగానే.

ఆమె ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్లూ ఎందుకు దాచారు మేస్త్రీ గారూ?"

"సిగ్గేసిందమ్మా."

"అయితే పగలగొట్టండి."

గవరయ్యే సమ్మెట పట్టాడు. కాంక్రీటు రాలింది. వంచిన చోట రాడ్డు సగం దాకా చిట్లి ఉంది. ఒక్క దెబ్బకే పుటుక్కున తెగింది.

కొత్త రాడ్డు వేసి పిల్లర్ మళ్లీ పోసేసరికి స్లాబ్ పని రెండు వారాలు ఆగింది. కంట్రాక్టరు నానా మాటలూ అన్నాడు. గవరయ్య తలొంచుకుని అన్నీ పడ్డాడు. విచిత్రమేమిటంటే, ఆ రోజు ఇంటికెళ్లి మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

మూడేళ్లకు గట్టి భూకంపమే వచ్చింది. బడి ఊగింది, సున్నం పెచ్చులు రాలాయి, పిల్లర్లు మాత్రం నిలిచాయి. మనవరాలు పుస్తకాల సంచితో సహా పరుగెత్తుకొచ్చి, బడి దగ్గరికి ఉరికొచ్చిన తాతను కరుచుకుంది. గవరయ్య ఆ మూల పిల్లర్‌ను చూసి, సిగ్గుపడకుండా అందరిలోనూ ఏడ్చేశాడు.

నీతి: కప్పిపెట్టిన తప్పు మాయమైపోదు, దిద్దుకునే వేళ దాటిపోకముందే దాన్ని నోరు తెరిచి ఒప్పుకోవాలి.