పావురానికి లోతు గిన్నె

ముందు ఆ బుట్ట మీంచి చెయ్యి తియ్యరా గిరీ. పావురం నిద్రపోతోంది. మధ్యాహ్నం అది బాల్కనీలో వాలినప్పట్నించీ దానికి బిస్కెట్టు పెడుతున్నావు, అది తినలేదని నువ్వు అలిగావు. వచ్చి ఇటు పడుకో. నందూ, నువ్వు ఆ పక్క. పావురం వస్తే ఏం చెయ్యాలో కథలో ఉంది. ఊ కొడితేనే చెబుతాను. ఊ ఆగితే కథా ఆగుతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి పేరు అడక్కండి, చెబితే రేపు బస్సెక్కి చూసొద్దామంటారు, ఆ ఊళ్ళో గానుగ ఆడించుకునే గవరయ్య ఉండేవాడు. ఆయన భార్య నరసాయమ్మ. వాళ్ళకి సన్యాసి అని ఒక్కడే కొడుకు. మంచివాడే, కానీ ఒక మాట చెబితే సగం చెవిలో పడేది, సగం గాలికి పోయేది. ఆ సన్యాసి పెళ్ళాం ముత్యాలు. కాపరానికి వచ్చి ఇంకా పెట్టెలో చీరలు బయటికి తియ్యలేదు. అంత కొత్త కోడలు.

నరసాయమ్మ దగ్గర ప్రతిదానికీ ఒక శాస్త్రం ఉండేది. తుమ్మితే కూర్చోవాలి. కూర్చుంటే మంచినీళ్ళు తాగాలి. తాగితే లేచి బయల్దేరాలి. బయల్దేరితే పిల్లి ఎదురొస్తుంది. పిల్లి ఎదురొస్తే మళ్ళీ వచ్చి కూర్చోవాలి. కూర్చుంటే బల్లి పలుకుతుంది. గవరయ్య పొద్దున్నే గానుగకి బయల్దేరితే, అక్కడికి చేరేసరికి ఎద్దు ఎదురుచూసి ఎదురుచూసి పడుకునేది. గానుగ ఎక్కడో లేదర్రా, వాళ్ళ పెరట్లోనే ఉంది.

ఊ కొడుతున్నారా? సరే.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం. రోళ్ళు పగిలే ఎండ. ఇంటిల్లిపాదీ కునుకు తీస్తున్నారు. ముత్యాలు ఒక్కతే వసారాలో కూర్చుని నువ్వులు చెరుగుతోంది. అంతలో ఆకాశం మీంచి ఎవరో విసిరేసినట్టు ఒక పావురం గుమ్మం ముందు పడింది. పడి, లేచి, రెక్క దులుపుకుని, సొంతిల్లులా గడప దాటి లోపలికి నడిచింది. నట్టింట్లో ధాన్యపు గాదె పక్కన ఆగింది. ముక్కు తెరిచే ఉంది. రెక్కలు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. కాలికి సన్నటి రాగి కడియం ఉంది.

ముత్యాలు దాన్ని చూసింది. అది ముత్యాల్ని చూసింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక అలా మధ్యలో నిలబడిపోవడం ముత్యాలుకి కొత్త కాదు. ఆ ఇంటికి వచ్చిన రోజు తనూ సరిగ్గా అక్కడే నిలబడింది.

అప్పుడే నరసాయమ్మ లేచింది. పావురాన్ని చూసి నెత్తిన చేతులు పెట్టుకుని కేకేసింది. ఆ కేకకి గవరయ్య లేచాడు, సన్యాసి లేచాడు, పెరట్లో ఎద్దు కూడా లేచింది. తలా ఒక సలహా. పక్కింటి సూరమ్మ చీపురు తీసుకుని వచ్చేసింది, తరిమెయ్యాలంటుంది. గవరయ్య మసాలా సంగతి ఎత్తాడు. సన్యాసి అయితే రెక్కలు కత్తిరించి పెంచుకుందాం అన్నాడు.

"రెక్కలు తీసేస్తే ఇంక అది పావురం ఎందుకవుద్ది? కోడిపెట్టవుద్ది," అన్నాడు వాళ్ళ నాన్న.

"అయితే గుడ్లు పెడతాది," అన్నాడు సన్యాసి.

నరసాయమ్మ ఇద్దర్నీ నోరు ముయ్యమంది. అడివి పక్షి నట్టింట్లో దూరితే ఇల్లు పాడుపెట్టాలి, అదీ శాస్త్రం అంది. పాడుపెట్టడమంటే తెలుసా? పగలగొట్టడం కాదు. ఇంటికి తాళం వేసి, మూడు నెలలు ఎవరూ అందులో ఉండకుండా వేరేచోట తలదాచుకోవడం. పూర్వం అలా చేసేవారు. మరి అందరూ ఎక్కడుంటారు? గవరయ్య, సన్యాసి గానుగ పాకలో పడుకుంటారు. నరసాయమ్మ చెల్లెలింటికి వెళుతుంది. మరి కోడలో?

"దాన్ని పుట్టింట్లో దింపి వద్దాం. అది కాలు పెట్టాకే గదా ఇదీ వచ్చింది," అంది నరసాయమ్మ.

ముత్యాలు చేతిలో చేట ఆగిపోయింది. కాపరానికి వచ్చిన పిల్ల చీర మడత విప్పకుండా తిరిగి పుట్టింటికి వెళితే, ఆ ఊళ్ళో వాళ్ళు పావురం వచ్చిందని అనుకోరు. ఏదో జరిగిందనుకుంటారు. మూడు నెలల తరవాత మళ్ళీ పిలుస్తారో లేదో, పిలిచినా ఈ మాట మరిచిపోతారో లేదో. అదంతా ముత్యాలుకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

గవరయ్యకి ఇల్లు వదలడం ఇష్టం లేదు. సోమయ్య పంతులుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన పావురాన్ని చూశారు, పైకప్పు చూశారు, వేళ్ళు మడిచారు. తరవాత చెప్పారు. దీపాలు పెట్టే వేళలోపు పక్షి తనంతట తాను వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళిపోతే దోషం లేదు. తరిమితే లెక్కలోకి రాదు. చస్తే మరీ దోషం. రాత్రి ఇంట్లో నిలిచిందా, ఇల్లు పాడుపెట్టాల్సిందే. సాయంత్రం మళ్ళీ వచ్చి చూస్తానని వెళ్ళిపోయారు.

ఇంక చూడండి. అప్పటిదాకా తరుముదామన్న వాళ్ళంతా దాన్ని బతిమాలడం మొదలుపెట్టారు. చీపురు తెచ్చిన సూరమ్మ పాలు తెచ్చింది. పాలు పెట్టారు, ముట్టలేదు. మజ్జిగ పెట్టారు, ముట్టలేదు. అన్నం పెట్టారు, ముట్టలేదు. అన్నంలో బెల్లం కలిపి పెట్టారు, దాన్ని సన్యాసి తినేశాడు.

"దాహం వేస్తోందేమో అత్తా," అంది ముత్యాలు, మెల్లిగా.

"మాకు తెలీదా? నీళ్ళు పెట్టలేదూ?" అంది నరసాయమ్మ.

పెట్టారు. కోళ్ళకి పెట్టే మూకుడులో అడుగు తడిసేటట్టు నీళ్ళు పోసి పెట్టారు. పావురం దాని దగ్గరికి వెళ్ళింది, ముక్కు ఆనించింది, వెనక్కి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చేసింది. పొగరు చూడండి అంది సూరమ్మ. ముత్యాలు మాత్రం ఆ ముక్కునే చూస్తోంది. వాళ్ళ పుట్టిల్లు పాత కోటగోడ పక్కన. ఆ గోడ తొర్రల నిండా పావురాలే. కోడి ఎలా తాగుతుంది నందూ? చుక్క ముక్కులోకి తీసుకుని, తల పైకెత్తి, గుటక వేస్తుంది. పావురం అలా తాగదు. ముక్కంతా నీళ్ళలో ముంచి, ఎద్దు తాగినట్టు, తల ఎత్తకుండా లాగుతుంది. ముక్కు మునగకపోతే దానికి నీళ్ళు ఉన్నా లేనట్టే.

ముత్యాలు లేచి వెళ్ళి పప్పు తోడుకునే లోతు గిన్నె తెచ్చి, నిండా నీళ్ళు పోసి, పావురానికి కాస్త దూరంలో పెట్టి వెనక్కి వచ్చింది. పావురం అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ముక్కు ముంచింది. ముంచిన ముక్కు ఎత్తలేదు. గొంతు కదులుతోంది, నీళ్ళు తగ్గుతున్నాయి.

"ఎద్దులాగే తాగుతోందే," అన్నాడు గవరయ్య. ఆయనకి ఎద్దుల సంగతి తెలుసు కాబట్టి అప్పటికప్పుడు దాని మీద గౌరవం పుట్టింది. మసాలా సంగతి మళ్ళీ ఎత్తలేదు.

తరవాత ముత్యాలు గుప్పెడు పచ్చి జొన్నలు, నాలుగు పెసలు చల్లింది. పిల్లిని గంప కింద మూసింది. తలుపులు బార్లా తీసి అందర్నీ వసారాలోకి రమ్మంది. చుట్టూ ఇంతమంది నిలబడి చూస్తుంటే మనకైనా ముద్ద దిగుతుందా అంది. ఆ మాట అని, నరసాయమ్మ తన వంక చూసేసరికి తల దించుకుంది.

పావురం తింది. మళ్ళీ తాగింది. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు, ఇప్పుడు వెళుతుంది, ఇప్పుడు వెళుతుంది అని. అదేం చేసిందో తెలుసా? గాదె నీడలోకి వెళ్ళి, మెడ ఒళ్ళోకి ముడుచుకుని, కళ్ళు మూసింది.

ఊ కొట్టరేం? గిరీ, నువ్వు కూడా మూశావా? ఆఁ, అలా.

ఎండ వసారాలోంచి దిగింది. ఎండ వాకిట్లోకి దిగింది. వాకిట్లోంచి గోడ ఎక్కింది, గోడ మీంచి చెట్టెక్కింది. పావురం లేవలేదు. నరసాయమ్మ కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఆఖరికి కోడల్ని పక్కకి పిలిచింది.

"ఇదిగో పిల్లా, నువ్వలా చీర కొంగు విదిలించు. తరిమినట్టు కాదు, దులుపుకున్నట్టు. ఎవరూ అనుకోరు."

ముత్యాలు కొంగు చేతిలోకి తీసుకుంది. ఒక్కసారి విదిలిస్తే చాలు. పక్షి లేస్తుంది, గుమ్మం దాటుతుంది, తను ఈ ఇంట్లో ఉంటుంది. ఆ మూల చూసింది. చిన్న ముద్దలా నిద్రపోతోంది. బయట చూసింది. చీకటి పడుతోంది. చీకట్లో పావురానికి కళ్ళు కనపడవు. ఏ కొమ్మ మీద వాలుతుందో, ఏ గుడ్లగూబ నోట పడుతుందో. కొంగు మళ్ళీ భుజం మీద వేసుకుంది.

"ఇంత పొద్దుపోయాక ఎవర్నీ పంపకూడదత్తా. తెల్లారి అదే వెళుతుంది. నేనూ అప్పుడే వెళతాను," అంది.

అని, బుట్టలో గడ్డి పరిచి, నిద్ర చెడకుండా పావురాన్ని రెండు చేతులతో ఎత్తి అందులో పెట్టింది. గాలి ఆడేలా పైన పల్చటి గుడ్డ వేసింది. తరవాత లోపలికి వెళ్ళి తన పెట్టె తెచ్చి బుట్ట పక్కనే పెట్టింది. నరసాయమ్మ బుట్ట చూసింది, పెట్టె చూసింది. దీపం వెలిగించడానికి అగ్గి కోసం వెళ్ళింది, అగ్గి మరిచిపోయి వచ్చింది.

సోమయ్య పంతులు గారు రానే వచ్చారు. పక్షి నిలిచింది కనక రేపే ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

"చేస్తాం గానీ పంతులుగారూ, ఒక్క సంగతి చెప్పండి," అంది నరసాయమ్మ. "పిలవకుండా వచ్చి, నీళ్ళు తాగి, ఇంత తిని, రాత్రికి మనింట్లో తలదాచుకుంటే, దాన్నేమంటారు?"

"అతిథి అంటారమ్మా."

"అతిథి ఇంట్లో ఉండగా ఇంటివాళ్ళు తాళం వేసుకుని పోవచ్చా?"

"తప్పు తప్పు."

"అయితే రేపు అది ఉన్నంతసేపూ మేం కదలకూడదు. అంతేగా? అది వెళ్ళిపోయాక ఇంట్లో పక్షే ఉండదు. ఇంక దేనికి పాడుపెట్టడం?"

పంతులు గారు నోరు తెరిచారు. వేళ్ళు మడిచారు. మడిచిన వేళ్ళు మళ్ళీ తెరిచారు. ఇది ఏ శాస్త్రంలో ఉందమ్మా అని అడిగారు. నలభై ఏళ్ళుగా శాస్త్రాలతోనే కాపరం చేస్తున్నాను, నాకు తెలీదా అంది నరసాయమ్మ. ఆయనకి అప్పుడు ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. వెళుతూ వెళుతూ అందులోనూ న్యాయం ఉందన్నారు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నరసాయమ్మ కోడలి వంక తిరిగింది. "ఆ పెట్టె లోపల పెట్టు. నడిచే దారిలో పెట్టావు, కాలికి తగిలితే అశుభం." కాస్త ఆగి, "చీరలు తీసి దండెం మీద వేసుకో. పెట్టెలో ఉంటే చిమటలు కొట్టేస్తాయి," అంది.

ముత్యాలు పెట్టె ఎత్తింది. సన్యాసి పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. ఆ రోజు అతగాడు చేసిన తెలివైన పని అదొక్కటే.

తెల్లారింది. బుట్ట మీద గుడ్డ తీశారు. పావురం బయటికి వచ్చి, లోతు గిన్నెలో మళ్ళీ ముక్కు ముంచి కడుపునిండా తాగి, గడప దగ్గరికి నడిచింది. నరసాయమ్మ ఆగమంది. ఇంటికొచ్చిన ఆడదాన్ని బొట్టు పెట్టకుండా పంపకూడదు, శాస్త్రం అంది. అది ఆడదో మగదో నీకెలా తెలుసే అన్నాడు గవరయ్య. ముత్యాలు దాన్ని మెల్లిగా పట్టుకుంటే, ఆవిడ మెడ కింద తెల్లటి ఈకల మీద ఇంత కుంకం బొట్టు పెట్టింది. వదిలారు. అది ఇంటి కప్పు ఎక్కింది, ఒక చుట్టు తిరిగింది, తూర్పు దిక్కుకి సూటిగా పోయింది. ఎటు వెళ్ళాలో దానికి ఒకరు చెప్పక్కర్లేదు.

తూర్పున ఒక రాజు ఉన్నాడు. ఆయనకి పావురాలంటే ప్రాణం, వాటి కాళ్ళకి రాగి కడియాలు వేయించేవాడు. అంతకు ముందెప్పుడో గాలివానకి తప్పిపోయిన పావురం గూటికి చేరింది, అదీ కుంకం బొట్టుతో. రాజు నవ్వి నవ్వి, ఈ మర్యాద చేసినవాళ్ళెవరో కనుక్కోమని ఒక భటుణ్ణి పంపాడు. ఊరూరా అడుగుతూ అతగాడు గవరయ్య ఇంటికొచ్చాడు, గంపెడు మామిడిపళ్ళతో. రాజుగారు ఏం కావాలో కోరుకోమన్నారయ్యా అన్నాడు. సన్యాసి ముందుకొచ్చి ఆ పావురాన్నే ఇమ్మన్నాడు. వాళ్ళ నాన్న వాణ్ణి గానుగ దగ్గరికి పంపించాడు. మా కోడలు చెప్పినట్టు మీ రాజుగారి ఊళ్ళో ప్రతి బావి దగ్గరా పక్షులకి ఒక లోతు తొట్టి కట్టించమనండి, అంతే చాలంది నరసాయమ్మ. కట్టించారు కూడా.

ఆ తరవాత ఆ ఊళ్ళో ఎవరింట్లో పావురం దూరినా నరసాయమ్మకే కబురు. ఆవిడ వెళ్ళి చెప్పేది. తరమకండి, రెక్కలు కొయ్యకండి, పాలూ అన్నం పెట్టకండి. లోతు గిన్నెలో నీళ్ళు, గుప్పెడు పచ్చి గింజలు, కాస్త నీడ. పిల్లిని కట్టెయ్యండి. అలుపు తీరాక తలుపు తీసిపెట్టండి, దాని ఇల్లు దానికి తెలుసు. ఇది శాస్త్రం అనేది. ఒకసారి సోమయ్య పంతులు గారు పట్టలేక, ఏ గ్రంథంలో ఉందమ్మా ఈ శాస్త్రం అని అడిగారు.

"గ్రంథం కాదండీ," అంది నరసాయమ్మ, "మా ముత్యాలు చెప్పింది."

అదర్రా సంగతి. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళకి ఏం కావాలో చూడాలి, మన దగ్గర ఏముందో కాదు. అందుకే నీ బిస్కెట్టు అది తినలేదు, గిరీ. నువ్వు పొద్దున్నే లేచి గిన్నె నిండా నీళ్ళు పొయ్యి, బాల్కనీ తలుపు నందు తీస్తుంది. కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లోకెక్కండి.