పలాస స్టేషన్లో మీటింగు

పలాసలో ఉన్న తెలివి పది పాళ్ళయితే, అందులో తొమ్మిది తమ ఇంట్లోనే ఉన్నాయని దువ్వారపు అన్నదమ్ముల నమ్మకం. మిగిలిన ఒక్క పాలుతోనే ఊరంతా సర్దుకోవాల్సి వస్తోందని పాపం జాలిపడేవారు కూడా. పెద్దాయన కూర్మారావు, నడిపివాడు అప్పలసూరి, చిన్నవాడు దాలినాయుడు. పెద్దాయన భార్య పైడితల్లి. నలుగురూ కలిసి జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపేవారు. ఎవరేం చెబితే అది అక్షరం పొల్లుపోకుండా చేయడమే తెలివి అని వాళ్ళ ఉద్దేశం.

ఆ ఏడు చెన్నైలో ఒక బిస్కెట్ల కంపెనీకి జీడిపప్పు కావలసి వచ్చింది. బేరం కుదిరితే వానాకాలమంతా ఫ్యాక్టరీలో నలభైమంది ఆడవాళ్ళకి పని. కుదరకపోతే గేటుకి తాళం. ఆ కంపెనీలో సరుకు కొనేది పెంచలయ్య అనే నెల్లూరాయన. ముందు కంప్యూటర్లో ముఖాముఖి మాట్లాడుకుందామని మెయిల్లో మీటింగుకి ఆహ్వానం పంపాడు. వాళ్ళ మెయిలు ఒక రకం, వీళ్ళ మెయిలు ఇంకో రకం. అక్కడ పంపింది ఇక్కడ దిగలేదు. దాని సంగతి చూడమని వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఇందుమతికి ఆయన అప్పజెప్పాడు. ఆ పిల్ల ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో మనకి తెలీదు.

ఇందుమతి ఫోన్ చేసి, ఆహ్వానం జంకులో పడి ఉంటుంది, వెతకండి అంది. జంకంటే ఏమిటని కూర్మారావు అడిగాడు. పనికిరానివన్నీ పోగుపడే చోటండీ అంది. అంతే. ముగ్గురూ పాత ఇనప సామాన్ల కొట్టుకి పరిగెత్తి, సాయంత్రం దాకా తుక్కంతా తిరగేశారు. కష్టపడితే దొరకనిదేముంది? చిత్తుకాగితాల గుట్ట అడుగున నిజంగానే ఒక ఆహ్వానం దొరికింది. బంగారు అక్షరాలు, పైన వినాయకుడి బొమ్మ, వేదిక సోంపేట. తేదీ చూడలేదు, ఎందుకంటే చూడమని ఇందుమతి చెప్పలేదు. మర్నాడు కొత్త బట్టలు కట్టుకుని, స్టీలు బిందె పట్టుకుని సోంపేట వెళ్ళారు. పెళ్ళికొడుకు చంకలో రెండేళ్ళ పిల్లతో వచ్చి తలుపు తీశాడు. బిందె మాత్రం పుచ్చుకున్నాడు.

రెండోసారి ఆహ్వానం వచ్చింది గానీ తెరుచుకోలేదు. మా సిస్టమూ మీ సిస్టమూ వేరు, మా క్యాలెండరు మీ క్యాలెండరుతో కలవడం లేదు, ఆ రెండూ కలిపితే చాలని ఇందుమతి ఓపిగ్గా చెప్పింది. ఇంకేముంది, పైడితల్లి మైదాపిండి ఉడికించింది. వాళ్ళ క్యాలెండరు కోసం అప్పలసూరి రైలెక్కి ఏకంగా చెన్నై వెళ్ళాడు. బిస్కెట్ల కంపెనీ గేటు ఎదురుగా ఉన్న కొట్లోనే అరవ క్యాలెండరు కొన్నాడు. అంత దూరం వెళ్ళినవాడివి లోపలికెళ్ళి పెంచలయ్య గారితో మాట్లాడకపోయావా అని ఇక్కడి గుమస్తా అడిగితే, మీటింగు ఇంకా క్యాలెండర్లోకి ఎక్కందే ఎలా మాట్లాడతామని అతన్నే కోప్పడ్డాడు. రెండు క్యాలెండర్లూ మైదాతో అతికించి గోడకి కొట్టారు. ఆ నెల పైడితల్లి ఒకే వారంలో రెండు ఏకాదశులు ఉపవాసం ఉంది.

మూడోసారి దేవుడి దయవల్ల ఆహ్వానం తెరుచుకుంది. అయితే పదకొండింటి మీటింగుని అయిదున్నరకని చూపించింది. మీ దగ్గర టైము అయిదున్నర గంటలు వెనకుంది, ముందుకి జరపండి అంది ఇందుమతి. అంతే, మీటింగు రోజు పొద్దున్నే దాలినాయుడు స్టూలెక్కి ఫ్యాక్టరీ గోడ గడియారాన్ని అయిదున్నర గంటలు ముందుకి తిప్పాడు. ఎనిమిదిన్నర కాస్తా రెండయింది. పదకొండు ఎప్పుడో దాటిపోయిందిగా అని మీటింగుకి ఎవరూ కూర్చోలేదు. ఎండ నడినెత్తికి రాకముందే గడియారం అయిదు కొట్టింది. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని ఇళ్ళకి పోయారు. పొయ్యి చూసుకునే మనిషీ పోయాడు. చెన్నైకి చూపించడానికని ఏరి పెట్టిన మొదటి రకం పప్పు ఆ పొయ్యిలోనే బొగ్గయిపోయింది.

కూర్మారావు ఆ బొగ్గుని దోసిట్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నలభైమంది ఆడవాళ్ళ మొహాలూ కళ్ళముందు మెదిలి కన్నీళ్ళు వచ్చాయి. తప్పెక్కడ జరిగిందో మాత్రం తెలియలేదు. చెప్పినవన్నీ చేశాం కదా అనే బాధపడ్డాడు.

చివరికి ఇందుమతి నీరసంగా, మెయిలు సంగతి మరిచిపోండి, ఫోనుకి ఒక లింకు పంపుతున్నాను, నొక్కండి చాలు అంది. నొక్కారు. దాలినాయుడు తెర మీద ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు. మీరు వెయిటింగ్ రూములో ఉన్నారు, హోస్ట్ వచ్చి మిమ్మల్ని లోపలికి తీసుకుంటారు, అని ఉంది.

"మనం ఇంట్లో ఉన్నాం కదరా. వాళ్ళ దగ్గర అబద్ధమాడినట్టు అవదూ?" అన్నాడు కూర్మారావు.

ఇంకేముంది. ఫోను అక్కడే మంచం మీద పడేసి, ఇంటికి తాళం వేసి, మిగిలిన పప్పు ఒక డబ్బాలో పోసుకుని, పులిహోర మూట కట్టుకుని నలుగురూ పలాస స్టేషను వెయిటింగ్ రూముకి చేరారు. అవతల పెంచలయ్య వీళ్ళని మీటింగులోకి రానిచ్చాడు. ఆయనకి కనిపించింది తిరుగుతున్న ఫ్యాను. దానితో పావుగంట మాట్లాడి, లాభం లేదని రైలెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం పలాసలో దిగి, మొహం కడుక్కుందామని వెయిటింగ్ రూములోకి వచ్చాడు. డబ్బా మీద దువ్వారపు వారి పేరు చూసేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"కూర్మారావు గారేనా? నేనండీ, పెంచలయ్యని. మీకోసమే వచ్చాను."

కూర్మారావు లేచి దణ్ణం పెట్టాడు. "చాలా సంతోషం బాబూ. ఇంతకీ హోస్టు మీరేనా?"

పెంచలయ్య నవ్వాడు. "నేను హోస్టునెలా అవుతానండీ, మీ ఊరొచ్చినవాణ్ణి. నేను గెస్టుని."

"అలాగైతే ఇలా కూర్చోండి. హోస్టు వచ్చి పిలిచేదాకా మనం మాట్లాడుకోకూడదు."

హాస్యమాడుతున్నారనుకుని పెంచలయ్య కూర్చున్నాడు. పైడితల్లి పులిహోర పెట్టింది. బేరం మాటెత్తినప్పుడల్లా అప్పలసూరి మూతి మీద వేలు పెట్టుకున్నాడు. గంట గడిచింది. పోనీ ఆ డబ్బాలో పప్పయినా చూపించమన్నాడు పెంచలయ్య. కూర్మారావు డబ్బా దగ్గరికి లాక్కుని, ఇది మీటింగులో చూపించాల్సిన పప్పు అన్నాడు. కానీ అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఊరికే పంపడానికి ఆయనకి మనసొప్పలేదు.

"పప్పు చూడాలంటే స్టేషను ఎదురుగానే సవర గౌరీసు గారి ఫ్యాక్టరీ ఉంది బాబూ. మంచి సరుకు. వాళ్ళకి మీటింగులూ అవీ ఏమీ ఉండవు, ఖాళీగానే ఉంటారు. మా పేరు చెప్పండి."

పెంచలయ్య సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. పాపం మంచాయన అంది పైడితల్లి.

"మంచాయనే గానీ ఓపిక లేదు. ఇలాంటివాళ్ళే చేతికొచ్చిన వ్యాపారం పోగొట్టుకుంటారు," అన్నాడు కూర్మారావు. నలుగురూ జుట్టు సర్దుకుని, హోస్టు కోసం తలుపు వైపు తిరిగి కూర్చున్నారు.