గండు ఖాళీ చేసిన సంచి

సముద్రాలకు అవతల, చలి ఎక్కువగా ఉండే ఒక దేశంలో ఈదురుకోన అనే అడవి ఉంది. అక్కడ కుందేళ్లు, తాబేళ్లు, నక్కలు ఉండేవి. ఒక బొరియలో తల్లి స్కంక్ తన ఇద్దరు పిల్లలతో ఉండేది. కొడుకు పేరు గండు. కూతురు మిణుగు మరీ పసిది, అప్పుడప్పుడే కళ్లు తెరిచింది.

స్కంక్ పిల్లి అంత ఉంటుంది. ఒళ్లంతా నలుపు, వీపు మీద తెల్లచారలు. దాని తోక కింద కంపురసం ఉండే చిన్న సంచి ఉంటుంది. ఆ రసం మీద పడితే ఎలుగుబంటి కూడా పారిపోతుంది. అయితే సంచి ఒకసారి ఖాళీ అయిందంటే, నిండడానికి చాలా రోజులు పడుతుంది. అందుకే స్కంకులు తొందరపడవు. ముందు కాళ్లు నేలకేసి టపటపా కొడతాయి. తర్వాత తోక ఎత్తుతాయి. అప్పటికీ శత్రువు కదలకపోతేనే చిమ్ముతాయి. అది వాటి మర్యాద.

గండుకు ఆ మర్యాద నచ్చలేదు. "కాళ్లు కొట్టడం పిరికివాళ్ల పని" అనేవాడు.

ఒకరోజు పొద్దున కుందేలు వాడి నడక చూసి నవ్వింది. గండు చిమ్మేశాడు. కాసేపటికి దారిలో ముసలి తాబేలు ఎదురైంది.

"తప్పుకో" అన్నాడు గండు.

"తప్పుకుంటున్నాను నాయనా. నా నడకే ఇంత" అంది తాబేలు.

గండు దాని డిప్ప మీద కూడా చిమ్మాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. మళ్లీ చిమ్మబోతే చుక్క కూడా రాలేదు. పొద చాటు నుంచి నక్క అంతా చూసింది.

ఆ సాయంత్రం తల్లి పురుగులు తవ్వుకు రావడానికి బయలుదేరింది.

"చెల్లి జాగ్రత్త. నీ సంచి నిండుగానే ఉందా?" అని అడిగింది.

లేదని చెప్పి ఉంటే ఆమె ఆగిపోయేది. ఆ పూట పస్తు ఉండేవాళ్లు, అంతే. కానీ గండుకు నామోషీ అనిపించింది.

"నిండుగా ఉందమ్మా" అన్నాడు.

తల్లి అలా వెళ్లిందో లేదో నక్క వచ్చింది. గండు భయంతో కాళ్లు నేలకేసి కొట్టాడు. తోక ఎత్తాడు. జీవితంలో మొదటిసారి మర్యాద పాటించాడు, పాపం.

"కొట్టు బాబూ, ఇంకా కొట్టు. పొద్దున తాబేలు దగ్గర నీ సంచి సంగతి చూశానులే" అంది నక్క.

వాణ్ని పక్కకు నెట్టి, మిణుగును నోట కరుచుకుని వెళ్లిపోయింది.

తల్లి తిరిగొచ్చేసరికి బొరియలో మిణుగు లేదు, గండు చిమ్మిన కంపూ లేదు. ఆమెకు అంతా అర్థమైంది. తిట్టి ఉంటే గండుకు కొంత నయంగా ఉండేది.

మర్నాడు తాబేలు పరామర్శకు వచ్చింది. దాని డిప్ప ఇంకా కంపు కొడుతూనే ఉంది. తల్లి ఆ డిప్ప మీద ముక్కు ఆనించి ఏడ్చింది. తన కూతురిని కాపాడవలసిన కంపు అదే.

నీతి: ఆపద కోసం దాచుకోవలసిన బలాన్ని పొగరుకు ఖర్చు చేస్తే, ఆ నష్టం మన మీద ఆధారపడ్డవాళ్లకు తగులుతుంది.