సింగమ్మ వయసుకు సాక్షి

కుర్రాళ్ళు తాగి చెడిపోతున్నారని దివిటిపురం రాజు ఒక కట్టడి చేశాడు. ఎంత ముసలివాళ్ళయినా సరే, ఇరవై ఏళ్ళు నిండాయని రాసిన తాటాకు చూపిస్తేనే కల్లు పొయ్యాలి. వయసుకు సాక్షి ఉంటేనే ఆ ఆకు రాస్తారు.

మంత్రసాని సింగమ్మకు ఎనభై ఏళ్ళు. రోజూ సాయంత్రం ఒక ముంత కల్లు తాగితేగాని ఆమెకు మోకాళ్ళ నొప్పి తగ్గదు. ఆవేళ కల్లు దుకాణం దగ్గర కొత్వాలు రుద్రపతి ఆమెను ఆపాడు.

"ఆకేది అవ్వా?"

"నన్ను చిన్నప్పుడు ఎరిగినవాళ్ళంతా పోయారు నాయనా. సాక్ష్యానికి ఎవర్ని తేను?"

"నీ నెరిసిన జుట్టు నాకూ కనబడుతోంది. కానీ సాక్షి లేనిదే ఎలా రాయను?" రుద్రపతి మొహంలో నిజంగానే బాధ ఉంది.

సింగమ్మ అరుగు మీద కూలబడి మోకాళ్ళు రాసుకుంది.

"నీకెన్నేళ్ళు బాబూ?"

"నలభై. నా ఆకుకు సాక్ష్యం చెప్పింది నువ్వే కదా, పురుడు పోసింది నువ్వేనని."

"మరి నీకు పురుడు పోసిన మనిషికి ఇంకా ఇరవై నిండలేదంటావా? నాకు సాక్షి ఎక్కడో లేడు, నువ్వే."

రుద్రపతి ఒక తాటాకు అందుకున్నాడు. తర్వాత గంటం తీసి, సాక్షి అన్నచోట తన పేరే రాశాడు. ముంత కూడా తనే తెచ్చి ఆమె చేతికిచ్చాడు.