ఆవకాయ సీసాలో బొజ్జమ్మ

పడుకో. కాళ్ళు నా మీద వెయ్యకు, అసలే నడుం నొప్పి. చేప సంగతి పొద్దున చూద్దాం. ముందు నోరు మూసుకుని కథ విను.

అనగనగా అంటే మరీ ఎప్పుడో కాదులే. ఒక ఊళ్ళో పేరమ్మ అని ఒక నాయనమ్మ ఉండేది. ఆవిడకి ఒక్కతే మనవరాలు, నీలవేణి. నీ అంతే ఉంటుంది, నీలాగే మొండిఘటం.

వాళ్ళ పెరట్లో పెద్ద రాతి తొట్టి ఉండేది, గేదె కుడితి తాగేది. గేదె చచ్చిపోయి రెండేళ్ళయింది. మళ్ళీ పాడి వస్తుందని పేరమ్మ ఆ తొట్టిని కడిగి, గోనెపట్టా కప్పి, ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఒకరోజు సైకిలు మీద రంగు చేపలమ్మే మస్తాను వచ్చాడు. నీలవేణి ఏడ్చి గోల చేసి రెండు గప్పీ చేపలు కొనిపించుకుంది. వేలెడంత కూడా లేవు. మగదానికి విసనకర్రంత తోక, ఆడదానికి ఇంత పొట్ట. ఆ పిల్ల దానికి బొజ్జమ్మ అని పేరు పెట్టుకుంది.

అప్పుడు మస్తాను చెప్పాడు. "ఒక్కో చేపకి బిందెడు నీళ్ళన్నా ఉండాలమ్మా. ఇది కడుపుతో ఉంది. ఆ రాతి తొట్టిలో వేసి కాస్త నాచు పడెయ్యండి, పిల్లలు దాక్కుంటాయి."

పేరమ్మ గయ్యిమంది. "పాడి తొట్టిలో నీచు వేస్తారటయ్యా! ఇంక ఈ ఇంట గేదె నిలుస్తుందా?"

ఖాళీ అయిన ఆవకాయ సీసా ఒకటి కడిగి, నీళ్ళు పోసి, రెండిట్నీ అందులో వదిలింది. "సర్దుకుంటాయిలే. మనం పదిమందిమి ఒక్క గదిలో సర్దుకోలేదూ?" అంది.

ఆ తర్వాత పక్కింటివాళ్ళు ఇల్లు మారుతూ తమ మగ గప్పీని ఇచ్చిపోయారు. అదీ సీసాలోకే. "సర్దుకుంటాయిలే" అంది పేరమ్మ.

ఆ తర్వాత ఆవిడకి కొత్త బెంగ పట్టుకుంది. మూడు అచ్చిరాదు కదా! విస్తట్లో మూడు గారెలు కూడా వడ్డించని మనిషి, ఇంట్లో మూడు చేపలుంటే ఊరుకుంటుందా? మస్తాన్ని కేకేసి నాలుగోది తెమ్మంది. వాడి దగ్గర ఎర్ర ఫైటరు చేప ఒక్కటే మిగిలింది.

"దీన్ని విడిగా ఉంచాలమ్మా. పొడుగు తోక కనిపిస్తే చాలు, దీనికి ఒళ్ళు మండిపోద్ది. పిల్లల్నయితే మింగేస్తది" అన్నాడు వాడు.

"అమ్ముకునేవాడివి, నీకెందుకయ్యా సుద్దులు? సర్దుకుంటాయిలే" అని పేరమ్మ దాన్నీ సీసాలో గుమ్మరించింది.

మొదటిరోజు ఒక మగ గప్పీ తోక పీలికలైపోయింది. రెండోరోజు అది చచ్చి తేలింది, రెండో మగది కూడా దాని వెనకే పోయింది. మూడోరోజుకి నీళ్ళు తెల్లగా మబ్బేశాయి. బొజ్జమ్మ మూతి పైకి పెట్టి గుటకలు వేస్తోంది.

అప్పుడు నీలవేణి పేరమ్మ కాళ్ళు పట్టుకుంది. "నాయనమ్మా, బొజ్జమ్మని తొట్టిలో వేద్దామే. చచ్చిపోతుందే!"

"శుక్రవారం పూట ఆ మాటలేంటే? లే అవతలికి!" అంది పేరమ్మ. ఏం మనిషో, చెప్తుంటేనే నాకు కడుపు రగిలిపోతోంది.

తెల్లారి చూస్తే బొజ్జమ్మ పిల్లల్ని పెట్టింది. ఆవగింజకి కళ్ళొచ్చినట్టు ఉన్నాయట. నీలవేణి ఎగురుకుంటూ వంటింట్లోకి పోయి నాయనమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వచ్చేసరికి ఒక్క పిల్లా లేదు. ఎక్కడ దాక్కుంటాయి పాపం? నాచు లేదు, రాయి లేదు, ఎటు చూసినా గాజే. ఫైటరు మాత్రం పొట్ట ఉబ్బి తిరుగుతోంది. సాయంత్రానికి బొజ్జమ్మ కూడా పక్కకి ఒరిగిపోయింది.

నీలవేణి ఏడవలేదు. అన్నం తినలేదు, మాట్లాడలేదు. ఒకరోజు చూసింది పేరమ్మ, రెండురోజులు చూసింది. మూడోరోజు భయమేసి, గోనెపట్టా లాగేసి, బిందె మీద బిందె మోసుకొచ్చి తొట్టి నింపింది. కాలవలోంచి నాచు తెచ్చి వేసింది. మిగిలిన ఆ ఫైటర్ని అందులో వదిలింది.

"ఇటు రావే నా తల్లీ! చూడు ఎంత చోటుందో!"

నీలవేణి వచ్చింది. తొట్టిలోకి తొంగి చూసింది.

"ఇప్పుడు చోటుంది కదా నాయనమ్మా. మరి బొజ్జమ్మేది?"

పేరమ్మ తడి కొంగుతో అలాగే తొట్టి గట్టు మీద కూలబడిపోయింది. ఆ పిల్ల మళ్ళీ ఆ పెరటి వైపు రాలేదు.

ఏంటే, ముక్కు ఎగబీలుస్తున్నావు? కిటికీలో ఆ గిన్నెడు నీళ్ళలో రెండు చేపలున్నాయి. ఇంకోటి కావాలని పొద్దుటినుంచీ నా ప్రాణం తోడేసింది ఎవరు? ఏమంటావిప్పుడు, కొందామా?

"వద్దు అమ్మమ్మా. వాటికే పెద్ద తొట్టి కొందాం."

నా బంగారమే! రేపు పొద్దున్నే కొందాం. కళ్ళు తుడుచుకో, దుప్పటి కప్పుకో.

కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
చోటు ఉంటే చేపకి,
సుఖమంట మనింటికి.